ఏలూరువారు మీతో ఉన్నారు

మా మనవరాలి ఫోనులో జపమాల ఉంది. నొక్కితే ఒకావిడ మంగళవార్త జపం మొదలుపెడుతుంది. ఎక్కడా తడబడదు, దగ్గదు, మధ్యలో కోడిని అదిలించదు. అక్టోబరు మాకు జపమాల మాసం. సాయంత్రం కాగానే తాడేపల్లిగూడెంలోని మా ఫ్లాటులో, మరియమ్మ స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి, పక్కనే ఆ ఫోనును నిలబెట్టి మనవరాలూ నేనూ కూర్చుంటాం. మొన్న ఫోనులో ఆవిడ "ఏలినవారు మీతో ఉన్నారు" అంటుంటే నేనూ గొంతు కలిపాను. మనవరాలు జపం ఆపేసి నా మొహంలోకి చూసింది.

"అమ్మమ్మా, ఏమన్నావు నువ్వు?"

"ఏమన్నానే?"

"ఏలూరువారు మీతో ఉన్నారు అన్నావు. ఎవరా ఏలూరువారు? పెళ్ళివారా?"

అని పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. జీవితమంతా బళ్ళో తెలుగు చెప్పి, పిల్లల చేత ఒత్తులూ దీర్ఘాలూ దిద్దించినదాన్ని. ఆ మాట ఇంకా నా నాలుక కింద దాక్కుని ఉందని నాకే తెలియదు. దాని కథ చెప్పడం మొదలుపెట్టాను గానీ మనవరాలు సగమే విన్నది. స్నేహితురాలి దగ్గర్నుంచి ఫోనొస్తే లేచిపోయింది. మొదలుపెట్టినదాన్ని మధ్యలో ఆపడం నాకు చేతకాదు కాబట్టి అదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది కొల్లేటిలో ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యన కాస్త మెరక, మెరక మీద తాటాకు ఇళ్ళు. వానలు వెనకబట్టేసరికి కొల్లేరు అంచులదాకా నిండి, ఇంట్లోంచి కాలు బయటపెడితే నీళ్ళు పలకరించేవి. పక్కింటికి తప్ప ఎక్కడికి వెళ్ళాలన్నా దోనె ఎక్కాల్సిందే. తాటిమాను తొలిచి చేసిన దోనె, గెడ నేలకు గుచ్చి తోసుకుంటూ పోవడం. పొద్దున్నే కిక్కిస వాసన వచ్చేది. కిక్కిసంటే నీళ్ళలో నిలువెత్తున పెరిగే గడ్డి, దుబ్బులు దుబ్బులుగా ఉండేది. మధ్యాహ్నం ఎండబెట్టిన చేపల వాసన, సాయంత్రం పిడకల పొగ. చేపల వాసన మాకు వాసనలా తెలిసేది కాదు. బయటినుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే వీళ్ళకు జలుబు చేసిందేమో అనుకునేవాళ్ళం.

లంకలో సగం ఇళ్ళు మావి, అంటే కతోలికులవి. చిన్న తాటాకు గుడి ఉండేది. ఒడ్డున ఉన్న పెద్ద గుడి నుంచి స్వాములవారు నెలకోసారి దోనె మీద వచ్చి పూజ చెప్పి, మా ఇంట్లో కొర్రమీను పులుసుతో అన్నం తిని, "మీ నీళ్ళు మహా తీపండీ" అని మెచ్చుకుని వెళ్ళేవారు. మిగతా రోజుల్లో గుడి భారమంతా మా నాయనమ్మ మీదే ఉండేది.

గుడికి గంట లేదు. తుమ్మచెట్టు కొమ్మకు ఒక రైలుపట్టా ముక్క వేలాడదీశారు. రోజుకు మూడుపూటలా నాయనమ్మ ఇనపకడ్డీతో దాన్ని మోగించేది. పొద్దునా మధ్యాహ్నం అందరూ ఉన్నచోటే నిలబడి త్రికాల జపం చెప్పుకునేవారు. సాయంత్రం మాత్రం గుడికి రావాలి. రైలుపట్టా చాలక ఆవిడ గొంతు కూడా జతచేసేది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. నీళ్ళ అవతల ఇంకో లంక ఉండేది. రేవులో నిలబడి ఆ లంక ఆడవాళ్ళను కూడా కేకేసేది.

"ఏవమ్మోయ్, రండమ్మా. ఆ గిన్నెలు ఎక్కడికీ పారిపోవులే."

అవతల్నుంచి ఎవరో "వత్తన్నామండీ" అని అరిచేవారు. కాసేపటికి దోనెలు బయల్దేరేవి. నాయనమ్మ పిలిస్తే రాని మనిషి ఒక్కరే, ఆవిడ కొడుకు. అంటే మా నాన్న. సరిగ్గా జపం వేళకే ఆయనకు వల చిరిగినట్టు గుర్తొచ్చేది. అమ్మ సణిగితే, "దేవుడి దగ్గర మా అమ్మ ఉంది గదా, ఇంటికొకరు చాలు" అనేవాడు.

ఇక ఆ మాట సంగతి. నాయనమ్మకు చదువు రాదు. పెదపాడు వైపునుంచి కొత్త కోడలిగా మా లంకకు వచ్చినప్పుడు, అప్పటి ముసలి ఉపదేశిగారు ఆవిడకు జపాలన్నీ నోటితో నేర్పారట. ఉపదేశి అంటే ఊళ్ళో ఉండి జపాలూ జ్ఞానోపదేశమూ నేర్పే మనిషి. ఆయన నోట్లో పళ్ళు లేవో, ఈవిడ చెవిలో కొల్లేటి నీళ్ళున్నాయో నాకు తెలియదు గానీ, మరియమ్మను పలకరించే ఆ జపంలో "ఏలినవారు మీతో ఉన్నారు" అనే చోట నాయనమ్మ హాయిగా "ఏలూరువారు మీతో ఉన్నారు" అనేది. ఆవిడ దగ్గర నేర్చుకున్న లంకంతా అదే అనేది.

మాకందులో తప్పేమీ కనిపించేది కాదు. పైగా చాలా సబబుగా ఉండేది. ఏలూరంటే మాటలా? పెద్ద స్వాములవారు, అంటే మా గుళ్ళన్నిటికీ పైవారు, ఉండేది ఏలూరులో. పెద్దాసుపత్రి ఏలూరులో. కోర్టు ఏలూరులో. మా చేపలు రైలెక్కేది ఏలూరులో. ఎవరికైనా కష్టమొస్తే లంకలో మొదట అడిగే మాట, "ఏలూరులో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా" అని. అలాంటి ఏలూరువారంతా కట్టగట్టుకుని మరియమ్మ వెంట ఉన్నారంటే ఇంక ఆవిడ మాటకు తిరుగేముంది? నేను మనసులో బొమ్మ కూడా కట్టుకున్నాను. నీలం పైట కప్పుకున్న మరియమ్మ, వెనక తెల్లచొక్కాలు వేసుకుని ఏలూరువారు, చేతుల్లో ఫైళ్ళు.

అక్టోబరు వస్తే మరియమ్మ స్వరూపం గుళ్ళోంచి బయల్దేరి ఇంటింటికీ తిరిగేది. ఒక్కో సాయంత్రం ఒక్కో ఇల్లు. ఆ ఇంటివాళ్ళు ముంగిలి అలికి, ముగ్గేసి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి స్వరూపాన్ని దించేవారు. మా పక్కింటి అత్త వాళ్ళు మా మతంవాళ్ళు కారు. శనివారం ఒంటిపూట ఉండి ద్వారకా తిరుమల వెంకన్నకు మొక్కుకునేవారు. కానీ స్వరూపం ఎవరింటికి వెళ్ళినా తామరపూలు మాత్రం ఆ అత్తే కోసుకొచ్చేది. ఆ పని ఇంకెవరైనా చేస్తే అలిగేది కూడాను. సాంబ్రాణి పొగ, తామరపూల వాసన, పక్కనే దండెం మీద ఎండుతున్న చేపల వాసన, మూడూ కలిసి ఒక వాసన వచ్చేది. తరవాత నేను ఎన్నో పెద్దగుళ్ళలో సాంబ్రాణి పీల్చాను గానీ దాంట్లో ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

మా పిల్లలకు జపం కన్నా జపం తరవాత పెట్టేది ముఖ్యం. ఒకరింట్లో శనగ గుగ్గిళ్ళు, పోపులో ఎండుమిరపకాయ ముక్కలేసి. ఒకరింట్లో అటుకులూ బెల్లమూ. ఒక పెద్దమ్మగారింట్లో మాత్రం ప్రతి ఏడూ పప్పుబెల్లాలే, అవీ లెక్కపెట్టినట్టు పెట్టేది. ఆవిడింటి వంతొచ్చిన రోజు పిల్లలకందరికీ కడుపునొప్పి వచ్చేది. గుగ్గిళ్ళ ఇంటివాళ్ళ వంతొస్తే మేమే ముందుగా వెళ్ళి రైలుపట్టా మోగించేసేవాళ్ళం. పొద్దుండగానే జపానికి వేళైందేమిటా అని పెద్దవాళ్ళు ఆకాశం వైపు చూసుకుంటూ వచ్చేవారు. మా ఇంటెదురు తాతగారు జపం మధ్యలో కునుకు తీసేవాడు. ఆయన చేతిలో జపమాల పూసల్ని నెమ్మదిగా ముందుకు జరిపేసేవాళ్ళం. మెలకువ వచ్చి చూసుకుని, "అబ్బో, చాలా చెప్పేశాను" అని మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు.

మా లంకలో వంతులయ్యాక నాయనమ్మ స్వరూపాన్ని దోనెలో పెట్టుకుని చుట్టుపక్కల లంకలకు బయల్దేరేది. దోనె ముందు స్వరూపం, వెనక నాయనమ్మ, గెడ వేయడానికి మా అమ్మ, తామరపూల బుట్టతో నేను. దారిలో చేపలవాళ్ళు వలలు పక్కకు లాగి దారిచ్చేవారు. గూడబాతులు మాత్రం ఎవరికీ దారిచ్చేవి కావు. రేవు దగ్గరకు రాగానే నాయనమ్మ, "ఏవండోయ్, అమ్మ వచ్చింది. మీ ఇంటికొచ్చిన అమ్మను రేవులో నిలబెడతారా" అని కేకేసేది. అలా ఎవరూ పంపకుండా, ఎవరూ నేర్పకుండా, కొల్లేటి లంకలన్నిటికీ తనకొచ్చిన జపాలు పంచిపెట్టింది. ఏలూరువారితో సహా.

ఒక ఏడు జపమాల మాసం మొదట్లోనే మాకు కొత్త ఉపదేశిగారు వచ్చారు. జంగారెడ్డిగూడెం దగ్గర మెట్టప్రాంతం ఆయనది. కుర్రవాడు, తెల్లపంచె, చంకలో గొడుగు, మహా మర్యాద. నీళ్ళంటే మాత్రం ప్రాణభయం. దోనె ఎక్కాక రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవారు. గొడుగు పళ్ళతో కరిచిపట్టుకునేవారు. రేవులో దిగాక, "ఏవండీ, ఇక్కడ నేల గట్టిదేనా అండి" అని అడిగి మరీ కాలు పెట్టేవారు. మా పిల్లలకు పండగే.

మొదటిరోజు సాయంత్రం ఆయన జపానికి కూర్చున్నారు. నాయనమ్మ మొదలుపెట్టింది. "ఏలూరువారు మీతో ఉన్నారు" అనగానే ఆయన కళ్ళు తెరిచారు. తరవాతి పూసకు మెడ ముందుకు చాచి విన్నారు. జపమయ్యాక గుగ్గిళ్ళు చేతిలో పట్టుకుని నాయనమ్మ దగ్గరకొచ్చి కూర్చున్నారు.

"అమ్మగారూ, మరోలా అనుకోకండి. అది ఏలూరువారు కాదండి. ఏలినవారు. అంటే ప్రభువని అర్థమండి."

నాయనమ్మ నవ్వేసింది. "మీరు మెట్టవారు గదండీ. మా వైపు ఏలూరువారనే అంటామండి."

"కాదండీ, పుస్తకంలోనే ఉందండి" అని జేబులోంచి జపాల పుస్తకం తీసి చూపించారు. నాయనమ్మకు అక్షరం రాదు. పుస్తకం నా చేతికిచ్చింది. అప్పటికి నేను మూడో క్లాసు. కూడబలుక్కుని చదివాను. ఏ, లి, న, వా, రు. ఎన్నిసార్లు చదివినా ఏలూరు కనబడలేదు. నాయనమ్మ నా మొహం చూసింది, ఉపదేశిగారి మొహం చూసింది. తన చేతిలో గుగ్గిళ్ళు నా ఒళ్ళో పోసేసింది.

"మరి ఇన్నాళ్ళూ అన్నవీ?" అని అడిగింది.

ఆయన పాపం కుర్రవాడు. "జపంలో అక్షరం తప్పకూడదంటారండి. అయినా దేవుడి దయండి" అని గొడుగు తీసుకుని లేచారు. గొడుగు తెరిచి మరీ వెళ్ళారు, వాన లేకపోయినా.

ఆ రాత్రినుంచి నాయనమ్మకు అన్నం సయించలేదు. ఆవిడ బెంగేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు పెద్ద గాలివాన వచ్చిందట. నాన్న చేపలకు వెళ్ళి చిక్కుకుపోయాడు. కొల్లేరు సముద్రమైపోయిందట. నాయనమ్మ రేవులో కూర్చుని, ఎవరు లేపినా లేవకుండా, తెల్లవార్లూ తడుస్తూ జపమాల చెప్పింది. మర్నాడు మధ్యాహ్నానికి నాన్న ఎవరిదో దోనె మీద తిరిగొచ్చాడు. ఆ సంగతి నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పినా చివర ఒకేమాట, "ఆ తల్లి వింది" అని. ఇప్పుడేమో ఆ మాటలే తప్పంటున్నారు. తప్పు మాటలు ఎవరు విన్నట్టు? వినకపోతే నాన్న తిరిగిరావడం వట్టి కాకతాళీయమా? ఆవిడ ఇంత పొడుగు ప్రశ్న అడగలేదు. "ఏవే, అవి చేరలేదంటావా" అని మాత్రం నన్ను రోజూ అడిగేది.

"ఎక్కడికి నాయనమ్మా?"

"ఎక్కడికంటే ఏం చెప్పనే. చేరవలసిన చోటికి."

ఇంతలో ఇంకో కబురు తెలిసింది. నెలాఖరున ఒడ్డున ఉన్న పెద్ద గుళ్ళో లంకలన్నిటికీ కలిపి జపమాల పండగ, దానికి ఏలూరు నుంచి పెద్ద స్వాములవారే వస్తారు. ఆడవాళ్ళ వైపు జపం నాయనమ్మే మొదలుపెట్టాలని మా స్వాములవారు ఎప్పుడో చెప్పేశారు. ఉపదేశిగారు కంగారుపడి లంకలన్నీ తిరిగి జపం సరిదిద్దుదామని బయల్దేరారు. ఏ లంకకు వెళ్ళినా అక్కడ ఏలూరువారు ముందే వెళ్ళి కూర్చున్నారు. పాపం ఆయన గొడుగు నోట కరుచుకుని, ప్రాణాలరచేతిలో పెట్టుకుని లంకలన్నీ తిరిగి, సాయంత్రాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఓపిగ్గా "ఏలినవారు" నేర్పారు. మగవాళ్ళు ఆ వేళకు వలల మీద ఉండేవారు.

నాయనమ్మను దిద్దే పని నాకు పడింది. చేపలు తోముతున్నా, పిడకలు కొడుతున్నా, దోనెలో వెళుతున్నా నాకదే పని.

"నాయనమ్మా, ఏలిన అను."

"ఏలిన."

"వారు."

"వారు."

"ఇప్పుడు కలిపి."

"ఏలూరువారు."

విడిగా అంటే వచ్చేది. జపంలో పడితే నాలుక దానంతటది ఏలూరు బస్సెక్కేసేది. ఒకరోజు విసుగొచ్చి, "అసలు ఏలడమంటే ఏవిటే" అంది.

"రాజుగారు రాజ్యం చేయడం. మనల్ని ఏలడం."

"మనల్ని ఏలేది ఏలూరువారేగదే. మళ్ళీ తప్పంటావేవిటి?"

నా మూడో క్లాసు చదువు అక్కడితో సరి. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి నవ్వుతూ అందుకుంది. "అత్తయ్యా, మావయ్యగారు మిమ్మల్ని ఏలుకున్నారు గదా. ఆ ఏలడం."

నాయనమ్మ చేతిలో చేప జారింది. ఆవిడకు పెళ్ళినాటికి పదేళ్ళో ఎన్నో. తాతయ్య వాళ్ళు కాపురానికి తీసుకెళ్ళడం ఆలస్యం చేస్తే, "ఏలుకుంటాడా ఏలుకోడా" అని పెదపాడులో అందరూ చెవులు కొరుక్కున్నారట. ఒకరోజు తాతయ్య చెప్పాపెట్టకుండా వచ్చి దోనె ఎక్కించుకుని తీసుకొచ్చేశాడట. నాయనమ్మ మొహం ఎర్రబడింది. ఆ వయసులో.

"ఆ ఏలడమా? మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అంది.

ఆ రోజునుంచి నాలుక దారికొచ్చింది. ఆ చోటుకు రాగానే క్షణం ఆగి, కొంచెం సిగ్గుపడి, "ఏలినవారు" అనేది. జపం మధ్యలో ఆవిడ ఎందుకు నవ్వుకుంటోందో అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. కానీ బెంగ తీరలేదు. "ఇక మీదటివి చేరతాయి సరే. వెనకటి సంగతేవిటి" అని మళ్ళీ అక్కడికే వచ్చేది. పెద్ద స్వాములవారినే అడుగుతానంది.

పండగనాడు కొల్లేరంతా దోనెలే. ప్రతి లంక నుంచి స్వరూపం, పూలు, కొత్తచీరలు, ఏడుపు పిల్లలు. ఆ రోజు నాన్న కూడా వచ్చాడు, అంతమందికి గెడ వేసేవాళ్ళు కావాలి కాబట్టి. గుళ్ళోకి రాకుండా వాకిట్లో చివర నిలబడ్డాడు. గుడిముందు పందిట్లో ఒకపక్క ఆడవాళ్ళు, ఒకపక్క మగవాళ్ళు. ఉపదేశిగారు గొడుగు మడిచి గుండెలకు హత్తుకుని కూర్చున్నారు. పెద్ద స్వాములవారు కూర్చున్నాక నాయనమ్మ లేచింది.

"ఏలినవారు మీతో ఉన్నారు."

పదిపూసలూ తప్పులేకుండా దాటింది. ఉపదేశిగారి మొహం చాటంతయింది. నన్ను చూసి తల కూడా ఊపారు.

రెండో రహస్యం, అంటే తరవాతి పదిపూసలు, మగవాళ్ళు మొదలుపెట్టాలి. అన్ని లంకల మగవాళ్ళూ ఒక్కసారిగా గొంతెత్తారు. నీళ్ళ మీద ఒకరినొకరు కేకేసుకునే గొంతులవి, పందిరి అదిరింది.

"ఏలూరువారు మీతో ఉన్నారు."

వాళ్ళకు కొత్త మాట ఎవరు నేర్పారు గనక? ఉపదేశిగారు గొడుగు వెనక మొహం దాచుకున్నారు. ఆపడానికి లేదు, పదిపూసలూ అలాగే సాగాయి. పూసపూసకీ ఏలూరువారు వస్తూనే ఉన్నారు. పెద్ద స్వాములవారు కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ భుజాలు మాత్రం కదులుతున్నాయి. జపమంతా అయ్యాక లేచి అన్నారు.

"ఏలూరు నుంచి వచ్చింది నేనండి. నన్నింత ప్రేమగా జపంలో పెట్టుకున్నవాళ్ళు ఇంకెక్కడా లేరు."

పందిరంతా నవ్వు. ఉపదేశిగారు కూడా గొడుగు దించి నవ్వారు. నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. దీవెనకు వరసలో వెళ్ళి, ఆయన ముందు మోకరించి అడిగేసింది.

"అయ్యగారూ, వాళ్ళకలా నేర్పింది నేనేనండి. మరి మేం ఇన్నాళ్ళూ అన్నవి చేరాయా అండి?"

ఆయన ఆవిడ తలమీద చెయ్యి పెట్టారు. "చేరాయమ్మా. అన్నీ చేరాయి" అన్నారు. వెనకనుంచి జనం తోస్తున్నారు. ఆవిడ లేచి పక్కకొచ్చేసింది.

"విన్నావుగా నాయనమ్మా" అన్నాను.

"ఆయనకేవే, పెద్దమనసు. ముసల్దాన్ని నొప్పించడం ఎందుకని అన్నారు" అంది.

పొద్దువాలుతుండగా తిరుగుదారి పట్టాం. దోనెలో స్వరూపం, నాయనమ్మ, అమ్మ, నేను. వెనక నిలబడి నాన్న గెడ వేస్తున్నాడు. నా ఒళ్ళో పండగ మిఠాయి పొట్లం, ఎవరూ చూడనప్పుడల్లా తేలికవుతోంది. నాయనమ్మ నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. కిక్కిస దుబ్బుల మధ్యకు వచ్చాక నాన్న గెడ వేయడం ఆపాడు. దోనె దానంతటది కాస్త జరిగి నిలబడింది.

"అమ్మా" అన్నాడు.

"ఏరా?"

"ఆ గాలివానప్పుడు నా దోనె తిరగబడింది ఇక్కడే. ఈ దుబ్బులు పట్టుకునే ఉన్నాను తెల్లారేదాకా."

నాయనమ్మ వెనక్కి తిరిగింది. ఆయన ఆ రాత్రి సంగతి అంతకుముందు ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

"చేతులు పట్టు తప్పుతుంటే నాకొచ్చిన జపం చెప్పుకున్నానమ్మా. నాకొచ్చిందది ఒక్కటే గదా. నువ్వెలా నేర్పావో అలాగే చెప్పాను. ఏలూరువారు అనే అన్నాను, తెల్లవార్లూ."

"నువ్వా?"

"నేనే."

"అక్కడ రేవులో నేనూ అదే అన్నానురా."

"మరి ఇద్దరం తప్పే అన్నాం. వచ్చాను గదా."

నాయనమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని నేను మిఠాయి పొట్లం దాచి ఆవిడ ఒళ్ళో చెయ్యి వేశాను. కాసేపటికి చెంగు తీసి, కోపంగా అడిగింది.

"ఇంత సంగతి ఇన్నేళ్ళూ నా దగ్గర దాచావేరా?"

నాన్న గెడ మళ్ళీ నీళ్ళలో దింపాడు. "చెబితే రోజూ జపానికి రమ్మంటావని."

అమ్మ ముందు నవ్వింది, తరవాత నాయనమ్మ. దోనె ఎంత ఊగిందంటే స్వరూపాన్ని నేను రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. ఉపదేశిగారు గనక ఆ దోనెలో ఉంటే మళ్ళీ కొల్లేరు మొహం చూసేవారు కాదు.

మర్నాడు సాయంత్రం నాయనమ్మ రైలుపట్టా మోగించి, నాన్న భయపడినంత పనీ చేసింది. ఇంటికొచ్చి నాన్న ముందు నిలబడి "రా" అంది. ఆయన వల పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఆ తరవాత మానలేదు.

ఇప్పుడు ఆ లంక చుట్టూ చేపల చెరువుల గట్లే. రోడ్డు పడింది, ఆటోలు తిరుగుతున్నాయి, సిమెంటు గుడికి నిజమైన గంట ఉంది. కిక్కిస ఎక్కడో ఓ మూల కనిపిస్తుందంటారు. నాయనమ్మ లేదు, నాన్నా లేడు. ఉపదేశిగారు చాలాకాలం మా దగ్గరే ఉండి, నీళ్ళ భయం పోగొట్టుకుని, చివరికి ఎండుచేపల పులుసు లేనిదే ముద్ద దిగని స్థితికి వచ్చి మరీ వెళ్ళారు. ఆయన పుణ్యమా అని లంకలన్నీ మెల్లగా మాట దిద్దుకున్నాయి. అందరికంటే గట్టిగా దిద్దేది మా నాయనమ్మే. ఒకసారి నేర్చుకున్నాక ఇంక ఎవరినీ వదల్లేదు. ఎవరి నోటైనా ఏలూరు వినబడితే చాలు, జపం మధ్యలో ఆపి మరీ సరిచేసేది. నా నెత్తిన ఎన్ని మొట్టికాయలు పడ్డాయో.

మగవాళ్ళ వరసలో చివర కూర్చుని నాన్న మాత్రం బతికినన్నాళ్ళూ పాత మాటే అన్నాడు. నాయనమ్మ ఇవతల ఆడవాళ్ళ వరసలో కూర్చుని వినేది. ఆయన్ని ఒక్కరోజు కూడా దిద్దలేదు.